కింది హాలు రేటు

మా వియ్యపురాలుగారు పోయింది గురువారం తెల్లవారుజామున. పేపర్లో శుక్రవారం అని వేయించారు. అది తప్పు. ఫోటో కింద ‘మితభాషిణి, సాధుశీలి’ అని కూడా వేయించారు. అవీ తప్పే. వారం ఒక్కటే తప్పు పడితే ఊరుకునేదాన్నేమో. మూడూ తప్పు పడ్డాయి కాబట్టి రాస్తున్నాను.

పేరు రాయను. మా ఇద్దరి మధ్యా పేర్లు లేవు. నేను ఆవిడని వదినగారండి అనేదాన్ని, ఆవిడ నన్ను వదినగారండి అనేవారు. ఎవరు ఎవరిని పిలుస్తున్నారో ఇంట్లోవాళ్ళు గొంతును బట్టి పోల్చుకునేవారు. ఆవిడది కొబ్బరితోటలో ఈ చివర నిలబడి ఆ చివర చెట్టు మీదున్న మనిషితో మాట్లాడి అలవాటైన గొంతు. భర్త పోయాక కోనసీమలో ఆ తోటంతా ఒక్కరే చూసుకున్నారు. కాయలు కొనడానికి వచ్చిన వ్యాపారులు ఆవిడ దగ్గర బేరం ఆడేవారు కాదు, ఆవిడ చెప్పింది విని కాసేపు నేల చూసి సరేనండి అనేవారు.

నేను రాజమండ్రిలో ఒక సహకార బ్యాంకులో లెక్కలు చూసి రిటైరైనదాన్ని. మా అమ్మాయిని ఆవిడ కొడుక్కి ఇచ్చాం. పిల్లలిద్దరూ విశాఖపట్నంలో ఉంటారు, బీచికి నడిచి వెళ్ళేంత దూరంలో ఫ్లాటు. మే నెలలో మనవరాలికి బడి ఉండదు కాబట్టి నానమ్మనీ అమ్మమ్మనీ ఇద్దర్నీ రమ్మనేవారు. అలా నాలుగు వేసవులు కలిసి ఉన్నాం. నాకు ఆవిడ తెలిసింది ఆ నాలుగు వేసవుల్లోనే. ముందు జీవితం గురించి నన్నడిగితే నాకు తెలీదు.

ఇంకొకటి కూడా ముందే రాయడం మంచిది. నేను తాగను. నిమ్మకాయ సోడా తాగుతాను, ఉప్పు వేసి, పంచదార లేకుండా.

మొదటి వేసవిలో, వెళ్ళిన రెండో సాయంత్రం, ఆవిడ చీర మార్చుకుని వచ్చి, “అలా బీచికి వెళ్ళొద్దాం రండి వదినగారండి” అన్నారు. వెళ్ళాం. అందరూ సముద్రం వైపు చూస్తూ నడుస్తున్నారు. ఆవిడ రోడ్డుకి ఇవతల ఉన్న హోటళ్ళ వైపు చూస్తూ నడుస్తున్నారు. ఒక పెద్ద హోటలు ముందు ఆగి, “ఇందులో బీరు ఎంతుంటుందంటారు?” అన్నారు.

తెలీదండి అన్నాను.

“అడిగొద్దాం రండి.”

ఆడపిల్లని ఇచ్చినవాళ్ళం. పెళ్ళికొడుకు తల్లి మంచినీళ్ళు అడిగితే మజ్జిగ ఇవ్వాలని చెప్పి పెంచారు నన్ను. బీరు అడిగితే ఏమివ్వాలో ఎవరూ చెప్పలేదు. కాదనడం మర్యాద కాదు కాబట్టి వెనకాలే వెళ్ళాను.

మేడ మీద సముద్రం కనిపించేలా బల్లలు వేశారు. ఆవిడ మెనూ కార్డు తీసుకుని పేర్ల వైపు చూడకుండా కుడిపక్క అంకెల మీద వేలు పెట్టి పైనుంచి కిందికి దిగారు. బీరు ఆరువందల ఎనభై, పన్నులు అదనం. ఆవిడ కార్డు మూసి, ఇచ్చిన గ్లాసు మంచినీళ్ళు నిదానంగా తాగి లేచారు. సూట్లు వేసుకున్న ముగ్గురు కుర్రాళ్ళు ఒకేసారి వచ్చి, “మేడమ్, ఆర్డర్?” అన్నారు.

“చూశాం నాయనా. చాలా బావుంది. మీరే ఉంచుకోండి.”

మెట్లు దిగుతూ నాతో అన్నారు: “సముద్రాన్ని కూడా బిల్లులో వేస్తున్నారండి.”

ఆ తరవాత వెతకడం మొదలైంది. ఆవిడ పద్ధతి ఆవిడకి ఉంది. బీచి రోడ్డు నుంచి లోపలికి తిరిగి ఒక్కొక్క వీధి దాటుతూ అడుగుతూ పోవడమే. మొదటి వీధిలో నాలుగువందల యాభై. దాని వెనక వీధిలో మూడువందల ఎనభై. “సముద్రం వినపడాలి, కనపడకూడదు. అక్కడాగాలి మనం” అనేవారు. మరీ లోపలికి, బస్టాండు వైపు పోతే ఇంకా తగ్గుతుంది కదండీ అని నేనంటే, “అంత దూరం వెళ్ళి తాగేదానికి మా తాలూకా ఏం తక్కువండి, అక్కడే తాగుదును” అనేవారు. సముద్రం పక్కన ఊరికి వచ్చినందుకు గాలి రావాలి, చప్పుడు రావాలి. దానికి డబ్బు ఇవ్వకూడదు. అదీ లెక్క.

లోపలికి వెళ్ళగానే గ్లాసు అడిగి, వెలుతురుకి ఎత్తి చూసి, కొంగుతో అంచు తుడిచేవారు. వాళ్ళు కడిగిందైనా సరే. శనగలు ఉడికించినవి ఊరికే ఇస్తారా, వాటికీ రేటుందా అని అడిగేవారు. ఊరికే ఇచ్చేచోట ఉల్లిపాయ కూడా తరిగి వేస్తే, ఆ బారు మంచిదని తేల్చేవారు. ఒకచోట శనగలు నిన్నటివి. బేరర్ని పిలిచి, “మీ ఇంట్లో ఇవి పెడితే తింటావా?” అని అడిగారు. అతను తిననండి అన్నాడు. “మరి” అన్నారు. అంతే. మళ్ళీ ఆ బారుకి వెళ్ళలేదు.

ఒక సీసా. నేను చూసిన నాలుగేళ్ళలో రెండోది తెప్పించలేదు. గ్లాసు వంచి, నురుగు రాకుండా ఆవిడే పోసుకునేవారు, బేరరు చెయ్యి వేస్తే ఒప్పుకునేవారు కాదు. కీరా ముక్క మీద మిరియాలపొడి ఎక్కువ. అయిదింటికి బయల్దేరితే ఏడింటికి ఇంట్లో ఉండేవాళ్ళం, మనవరాలికి అన్నం ఆవిడే కలిపి పెట్టేవారు.

వెతగ్గా రెండో వేసవిలో ఒక బారు కుదిరింది. చేపల రేవుకి వెళ్ళే దారిలో, పాత రెండంతస్తుల మేడ. ఆ బారు పేరూ రాయను, ఎందుకంటే ఇప్పటికీ ఉంది. మెట్ల పక్కన గోడ మీద హాలు రేట్లు పెయింటుతో రాసి ఉన్నాయి: బీరు రెండువందల నలభై. ఆవిడ దాని ముందు గుళ్ళో నిలబడ్డట్టు నిలబడ్డారు. ఇంతలో ఒకతను పరుగెత్తుకొచ్చి, “ఫ్యామిలీస్ పైకండి” అని మమ్మల్ని మేడ మీదికి తోలాడు.

పైన చెక్కలతో కట్టిన చిన్న చిన్న గదులు. ప్రతిదానికీ తెర. నీలం రంగు దీపం. ఏసీ నేరుగా నా మెడ మీద కొట్టింది. ఎదురుగా కూర్చున్న ఆవిడ మొహం నాకు సరిగ్గా కనపడలేదు. ఆవిడ నాలుగైదు సార్లు తెర తీశారు, బేరరు వచ్చిన ప్రతిసారీ మూసి వెళ్ళాడు. బిల్లులో బీరు మూడువందల యాభై అని వచ్చింది. నా సోడా డెబ్బై. కింద గోడ మీద సోడా నలభై అని చూశాను నేను.

“ఇదేం సోడా అండి?” అని అడిగాను.

“అదే సోడా మేడమ్. పైన ఏసీ కదా.”

“సోడాకి ఏసీ ఎందుకండి?”

బిల్లు కట్టాం. దారంతా నేను ఆ ముప్పై రూపాయల గురించి మాట్లాడాను. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. అలా నోరు మూసుకోవడం ఆవిడ విషయంలో అదొక్కసారే చూశాను, పేపర్లో వేయించినవాళ్ళు ఆ సాయంత్రం చూసి మితభాషిణి అని ఉంటారు.

మర్నాడు మళ్ళీ అక్కడికే వెళ్ళాం. ఆవిడ మెట్ల వైపు చూడలేదు. తిన్నగా కింది హాల్లోకి వెళ్ళి, ఫ్యాను కింద ఉన్న బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను పక్కన కూర్చున్నాను. ఇరవై మంది దాకా మగవాళ్ళు. గోడ మీద టీవీలో క్రికెట్.

“ఫ్యామిలీస్ పైకి మేడమ్” అన్నాడు బేరరు.

“మేం ఫ్యామిలీ కాదు నాయనా. వియ్యపురాళ్ళం.”

అతను వెళ్ళి మేనేజర్ని తీసుకొచ్చాడు. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని ఉన్నాడు.

“అమ్మగారూ, ఇక్కడ మగాళ్ళు తాగుతారండి” అన్నాడు.

“తాగనివ్వండి. మేమేం అడ్డం రావట్లేదుగా.”

“మీకు ఇబ్బందని...”

“మాకేం ఇబ్బంది లేదండి. మీ పై రేటే ఇబ్బంది.”

“పోనీ ఓ పని చెయ్యండి. పెద్దవాళ్ళు. కింది రేటుకే పైన ఇప్పిస్తాను. సోడా కూడా” అన్నాడతను నన్ను చూసి. ముందురోజు గొడవ అతనిదాకా వెళ్ళిందన్నమాట.

నా లెక్క ప్రకారం మేం గెలిచాం. నేను చేతిసంచీ తీసుకుని లేచాను. ఆవిడ లేవలేదు.

“రేటు మీరు ఇప్పించేదేంటండి? గోడ మీద రాసుంది. నేను అడిగేది రేటు కాదు. ఫ్యాను కింద కూర్చుంటాను. నలుగురూ కనపడతారు, ఆట కనపడుతుంది. ఆ గదిలో కూర్చుంటే నేనేదో తప్పు చేస్తున్నట్టుంది. చెయ్యట్లేదే.”

నేను మళ్ళీ కూర్చున్నాను. హాల్లో మాటలు ఆగిపోయాయి. టీవీలో ఎవరో అవుటయ్యారు, ఎవరూ పట్టించుకోలేదు. మేనేజరు చుట్టూ చూశాడు. పక్క బల్ల దగ్గర లుంగీ కట్టుకున్న ఒక పెద్దమనిషి, బోటు మనిషిలా ఉన్నాడు, మోకాళ్ళ పైకి ఉన్న లుంగీ కిందికి దించుకుని, “కూర్చోనియ్యండి సార్, మా అమ్మ కల్లు తాగేది మాతో కూర్చునే” అన్నాడు. ఇంకొకాయన సిగరెట్టు బల్ల కింద పెట్టుకున్నాడు, హెడ్మాస్టరు వచ్చినట్టు. కాసేపటికి అవుటైనవాడి గురించి మాటలు మొదలయ్యాయి.

మేనేజరు స్వయంగా సీసా తెచ్చి పెట్టాడు. వంగి, గొంతు తగ్గించి, దయగా అడిగాడు: “కిడ్నీలో రాళ్ళకా అమ్మగారూ?”

మా వైపు ఆడవాళ్ళు బీరు తాగితే చెప్పడానికి ఉన్న ఒకే ఒక్క మర్యాదైన కారణం అది. ఆ ప్రశ్నతో అతను ఒక తలుపు తెరిచి పట్టుకున్నాడు, అవునంటే ఆవిడ అందులోంచి వెళ్ళిపోవచ్చు.

“కాదండి” అన్నారావిడ. “ఇష్టానికి.”

ఆ రోజు బిల్లు రెండువందల ఎనభై. శనగలు ఊరికే ఇచ్చారు, ఉల్లిపాయ వేసి. ఆ తరవాత రెండు వేసవులు ఆ బల్ల మాది. మేం వెళ్ళేసరికి ఎవరైనా కూర్చుని ఉంటే పక్క బల్ల దగ్గర కూర్చునేవాళ్ళం, లేవమని అడగడం ఆవిడకి ఇష్టం ఉండేది కాదు. ఆవిడ ఆట చూసేవారు, నేను స్కోరు చెప్పేదాన్ని. సీసా అయిపోయాక బేరరు వచ్చి ఎంగిలి గ్లాసు తీసుకెళుతుంటే, ఆవిడ ఆ గ్లాసు వెనకే చూసేవారు, వంటింటి తలుపు దాటేదాకా. ఎందుకలా చూస్తారో నాకు నాలుగో వేసవి దాకా తెలీలేదు.

నాలుగో వేసవిలో ఎవడో ఫోనుతో మా ఫోటో తీశాడు. అది చేతులు మారి అల్లుడుగారి ఆఫీసులో ఒకాయనకి చేరింది. ఆదివారం కాఫీలయ్యాక అల్లుడుగారు ఆ ఫోటో బల్ల మీద పెట్టారు. మా అమ్మాయి వంటింట్లోకి వెళ్ళింది, రాలేదు. నేను లేవబోతే ఆవిడ, “కూర్చోండి వదినగారండి, మీరూ ఉన్నారుగా ఇందులో” అన్నారు. ఉన్నాను, సోడాతో.

“అమ్మా, నీకు కావాలంటే నేను తెస్తాను” అన్నారు అల్లుడుగారు. మంచి మనిషి, అరవలేదు. “ఫ్రిజ్‌లో పెడతాను. నీ గదిలో కూర్చుని తాగు. ఎవరొద్దన్నారు?”

“ఇంట్లో తాగితే అలవాటురా. బయటికెళ్ళి తాగితే షికారు.”

“నాన్న ఇంట్లోనే తాగేవాడుగా.”

“తాగేవాడు. ముప్పై ఏళ్ళు ఆ గ్లాసు నేను కడిగాను. కీరా కోసింది నేను. ఆయన స్నేహితులొస్తే వాళ్ళ గ్లాసులూ నేనే కడిగాను. ఇప్పుడు నా గ్లాసు ఇంకొకళ్ళు కడుగుతారు. దానికే ఇస్తున్నాను డబ్బు, బీరుకి కాదు.”

ఆయన ఫోటో వెనక్కి తీసుకుని, “సరే. కనీసం ఎవరైనా అడిగితే రాళ్ళకని చెప్పమ్మా. అందరూ చెప్పుకునేదే” అన్నారు.

“లేని రాళ్ళు నేనెందుకు మొయ్యాలిరా?”

“నీకు తెలీదు. నేను తలెత్తుకు తిరగాలి.”

“తిరుగు. నేను చెప్పను. నువ్వూ చెప్పకు. నేను పోయాక కూడా చెప్పకు.” ఆ చివరి మాట నవ్వుతూ అనలేదు.

రాళ్ళు లేవని నాకు వినికిడిగా తెలిసింది కాదు. ఆ ఏడు శ్రావణంలో నడుం నొప్పని రాజమండ్రి వచ్చి మా ఇంట్లో దిగారు. స్కానింగుకి నేనే తీసుకెళ్ళాను. డాక్టరమ్మ తెర మీద చూపించి, రెండు కిడ్నీలూ శుభ్రంగా ఉన్నాయండి, నడుం పట్టేసింది అంతే అంది. ఆవిడ బల్ల మీంచి లేచి చీర సర్దుకుంటూ నాతో, “చూశారా, సాకు కూడా లేదు” అన్నారు. డాక్టరమ్మకి అర్థం కాలేదు.

అయిదో వేసవి లేదు. కార్తీకంలో, తోటలో కాయలు దింపించి వచ్చి, రాత్రి పడుకుని, లేవలేదు.

పెద్దకర్మ వాళ్ళ ఊళ్ళో, ఇంటి ముందు షామియానా వేసి చేశారు. బల్లల మీద అరిటాకులు, ఒక వరస ఆడవాళ్ళు, ఎదురు వరస మగవాళ్ళు. నా పక్క ఆకు దగ్గర ఆవిడ పెద్ద తోటికోడలుగారు, ఎనభై దాటిన మనిషి. అల్లుడుగారు ఆచారం ప్రకారం స్వయంగా వడ్డిస్తున్నారు, బూరెల పళ్ళెం పట్టుకుని. ఎదురు వరసలోంచి ఆవిడ మరిదిగారు, కావాలనే కాస్త గట్టిగా, “ఏరా, మీ అమ్మ వైజాగులో బార్లకెళ్ళేదట కదా? ఫోటో మాకూ వచ్చింది” అన్నారు. రెండు వరసలూ తినడం ఆపాయి.

“అబ్బే, అదేం లేదు బాబాయ్. అమ్మకి కిడ్నీలో రాళ్ళు. డాక్టరు రోజూ కొంచెం బీరు పట్టమన్నాడు. మందులాగా.”

“అదీ సంగతి. పాపం” అన్నారెవరో. ఇంకొకావిడ, “రాళ్ళ బాధ పగవాళ్ళకి కూడా వద్దు” అంది. అందరూ మళ్ళీ తినడం మొదలుపెట్టారు. ఒక్క నిమిషంలో ఆవిడ రోగిష్టి మనిషి అయిపోయారు.

పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను అల్లుడుగారి మాటకి ఎదురు చెప్పలేదు. ఆడపెళ్ళివారు చెప్పరు. పదిమంది ముందు, అందులోనూ కర్మనాడు, అసలు చెప్పరు. ఎదురు వరస చివర మా వియ్యాలవారి బంధువులు, వాళ్ళ పక్కన మా తమ్ముడు, వాడు అప్పుడే నన్ను చూసి వద్దన్నట్టు కళ్ళతో సైగ చేశాడు. నా మొహం మీద ఏం కనపడిందో నాకు తెలీదు.

“రాళ్ళు లేవండి” అన్నాను.

ఆవిడంత గొంతు నాకు లేదు. మళ్ళీ అన్నాను. “అల్లుడుగారూ, ఆవిడకి రాళ్ళు లేవండి. స్కానింగు గదిలో నేనున్నాను. ఆవిడ ఇష్టమై తాగారు. వారానికి మూడు రోజులు, ఒక్కొక్క సీసా, ఆవిడ డబ్బుతో. పక్కన నేను కూర్చున్నాను.”

మా అమ్మాయి పులిహోర గిన్నెతో వస్తున్నది అక్కడే ఆగిపోయింది. “అమ్మా” అంది, చాలా మెల్లిగా. అల్లుడుగారి మొహం ఎర్రబడింది. నాకు భయం వేసింది, నిజం. కానీ అన్న మాట వెనక్కి తీసుకోవడానికి అందులో తప్పు లేదు.

పక్కన తోటికోడలుగారు గారె ముక్క ఆకులో పెట్టి నా వైపు తిరిగారు.

“ఇష్టం అని అదే చెప్పిందా?”

“చెప్పారండి. నా ముందే.”

“ఏరా” అన్నారావిడ అల్లుడుగారితో, తల ఎత్తి. “మీ నాన్న కర్మ ఇక్కడే చేశారు. అప్పుడూ నువ్వే వడ్డించావు. వాడి ఫోటో ముందు సీసా పెట్టి, దర్జాగా తాగేవాడని ఈ మీ బాబాయే చెప్పుకున్నాడు. వాడికి ఏ రోగం చెప్పావురా?”

మరిదిగారు మంచినీళ్ళ గ్లాసు వెతుక్కున్నారు. అల్లుడుగారు వడ్డన సాగించారు. తోటికోడలుగారికి వేశారు. నా ఆకు దాటి అవతలావిడకి వేశారు.

వియ్యాలవారింట్లో అడిగి వడ్డించుకోవడం మర్యాద కాదు.

“అల్లుడుగారూ, ఇక్కడ బూరె వెయ్యలేదండి” అన్నాను.

ఆయన వెనక్కి వచ్చారు. నా మొహం చూడకుండా ఒకటి వేశారు.

“ఇంకొకటి వెయ్యండి. అందరికీ రెండేశారుగా.”

వేశారు.